ఇవ్వని పేరు

మూడు దాటి రెండు నిమిషాలైంది, శ్రావణి ఇంకా రాలేదు. పదహారు బుధవారాల్లో ఒక్కసారైనా ఆలస్యం చెయ్యని పిల్ల. ప్రతిసారీ మూడు కాకముందే వచ్చేది, ముందు వాషింగ్ మెషీన్ల హోరు వినిపించేది, ఆ హోరులోంచి సన్నటి గొంతు, ఎవరింట్లోకో తొంగిచూసి అడిగినట్టు, "మేడమ్, వచ్చినా" అనేది. హాస్టల్ మూడో అంతస్తులో బట్టలుతికే గది ఒక్కటే ఎవరూ చెవులు పెట్టని చోటని, అక్కడ ఏడ్చినా ఎవరికీ వినపడదని మొదటి రోజే చెప్పింది. ఇవాళ హోరు లేదు. ల్యాప్‌టాప్ తెర మీద నల్లటి డబ్బా, దాని నడుమ "మీ విద్యార్థి కోసం ఎదురుచూస్తున్నాం" అన్న ముక్క, అంతే. ఉమాశ్రీ హెడ్‌ఫోన్స్ ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకుంది, తప్పు తన చెవులదేనేమో అన్నట్టు. పది నిమిషాలు చూసి "రాలేదు" అన్న బటన్ నొక్కాలి, అది కంపెనీ నియమం, నొక్కగానే ఆ ఖాళీలోకి ఇంకో పిల్లనో పిల్లాణ్ణో పంపిస్తారు, రాష్ట్రంలో ఎక్కడెక్కడి కాలేజీల నుంచో వరసలో కూర్చుని ఉంటారు పాపం, వాళ్ళూ ఎవరి కోసమో ఎదురుచూస్తూనే ఉంటారు. నొక్కను, అనుకుంది. ఈ గంట శ్రావణిది. వచ్చినా రాకపోయినా ఆ పిల్లదే.

మాదాపూర్‌లో ఈ ఐదో అంతస్తులో కౌన్సెలర్లకు ఇచ్చినవి గదులనడానికి లేదు, మనిషి పట్టే బీరువాలు, లోపల గోడలకు మెత్తటి స్పాంజి, ముందు అద్దం తలుపు, వెనక జానెడు వెడల్పు కిటికీ. కిటికీలోంచి చూస్తే మెట్రో పట్టాలు, వాటికవతల అమ్మాయిల హాస్టళ్ళ డాబాలు, డాబాల మీద తాళ్ళకు వేలాడే చుడీదార్లు. ఆ డాబాల మీద కూడా ఎవరో ఒకరు ఫోన్ చెవిన పెట్టుకుని గోడవైపు తిరిగి మాట్లాడుతూ కనిపిస్తుంటారు, ఎవరితోనో, ఏ కష్టమో. ఈ ఊళ్ళో మనుషులు ఒంటరిగా మాట్లాడుకోవడానికి చోటు వెతుక్కుంటూ మేడలెక్కుతున్నారు. చందానగర్‌లో తను ఉండే అపార్ట్‌మెంట్లో కూడా లిఫ్ట్ గది పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు. ఉమాశ్రీకి ఎదుటి మనిషి ముఖం చూడకుండా గొంతునిబట్టి కొలవడం అలవాటైపోయింది, బస్సులో పక్క సీటావిడ "ఆ, బానే ఉన్నాను" అంటే ఎంత బాగున్నదో తెలిసిపోతుంది, తెలియకుండా ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. శ్రావణి గొంతు గత బుధవారం ఎలా ఉంది? బాగానే ఉంది. బాగానే ఉందా? ఆదివారం నాయనకు ఫోన్ చేస్తానంది. ఆ ఫోన్లో మొదటి మాట ఏమనాలో ఇద్దరూ కలిసి అరగంట కూర్చి పెట్టుకున్నారు, "నాయనా, నేను బాగలేను" అని మొదలుపెట్టాలని. ఆ మూడు మాటలు పైకి అనడానికి ఆ పిల్లకు పదకొండుసార్లు పట్టింది.

ఎర్రచుక్క పెట్టింది తనే. యాప్‌లో ప్రతి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది, పచ్చది, పసుపుది, ఎర్రది. ఎరుపంటే ఈ మనిషిని వదిలిపెట్టకూడదని, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తాలని. మూడు వారాల కిందట శ్రావణి "నేను లేకపోయినా ఏం కాదులే మేడమ్" అన్న రోజు, ఆ మాట ఎంత మామూలుగా అందో, రేపు టిఫిన్ మానేస్తానన్నట్టు, ఆ మామూలుతనానికి భయపడి పెట్టింది చుక్క. అప్పుడే చెప్పింది, చూడమ్మా, నువ్వు నాకు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీ ప్రాణం మీదికొస్తే నేను నోరు మూసుకు కూర్చోను, ఎవరికి చెప్పాలో నువ్వే చెప్పు అని. చాలాసేపు ఆలోచించి ఆ పిల్ల రెండు పేర్లు చెప్పింది. ఒకటి రూమ్మేట్ అశ్విని, రెండోది పుల్లయ్య, ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో గుడ్డ కొలిచి చించే వాళ్ళ నాయన. దగ్గర ఉంచుకోకూడనివన్నీ ఆ రాత్రే అశ్వినికి ఇచ్చేసింది, ఆకలేసినా వెయ్యకపోయినా ఇద్దరూ కలిసి మెస్సుకు వెళ్ళాలని ఒప్పందం. అదీ ఎర్రచుక్కంటే. ఇప్పుడా చుక్క ఉన్నవాళ్ళ పేర్లు కావాలట, కంపెనీకి డబ్బు కట్టే శ్రావణి వాళ్ళ యూనివర్సిటీకి.

అద్దం మీద వేలితో కొట్టాడు మధుసూదన్. ఆపరేషన్స్ మేనేజరు, మంచివాడే, జనగామ దగ్గర ఏదో ఊరు, పెళ్ళిళ్ళకు చావులకు అందరికంటే ముందు సెలవు మంజూరు చేసేవాడు. తలుపు కొంచెం తీసి తల లోపలికి పెట్టాడు. "మేడమ్, పది నిమిషాలు దాటింది. రాలేదని కొట్టుండ్రి, పద్నాలుగు మంది క్యూల ఉన్నరు."

"ఈ స్లాట్ అయ్యేవరకూ ఉంటానండి."

"గిట్ల జేస్తే ఎట్ల? సరే, అది ఇడ్శిపెట్టుండ్రి. ఆ లిస్టు సంగతేంది? నాలుగింటికల్ల పంపాలె. మిగతా కౌన్సెలర్లందరు ఇచ్చిన్రు. మీ ఒక్కరిదే పెండింగ్." గొంతు తగ్గించాడు. "జర అర్థం జేసుకోండ్రి. వాళ్ళు పిల్లలను ఇంటికి పంపుతరంట, రెస్ట్ కోసం. అమ్మానాయనల దగ్గరుంటే మంచిదే గద."

"పంపడం కాదండి, పంపేస్తారు. ఆ మాటకు ఈ మాటకు తేడా ఉంది."

"మీరేమో పిల్లలనుకుంటున్నరు, యూనివర్సిటోళ్ళేమో కస్టమర్ మేడమ్," అన్నాడు, అన్నాక తనకే బాగోలేదేమో, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. అందరూ ఇచ్చేశారట. అందరూ. పక్క బీరువాలో రజిత కూడా ఇచ్చిందా, నిన్న క్యాంటీన్లో ఇద్దరూ ఒకే టీ సగం సగం తాగుతూ ఇవ్వకూడదని అనుకున్నారే, ఏమో, రజితకు ఇంట్లో చిన్నపిల్ల ఉంది, తనకెవరూ లేరు కాబట్టి తనకు ధైర్యం తేలికేమో. కాదు. తేలికైతే పోయిన ఏడాది ఎందుకిచ్చింది?

పోయిన ఏడాది నవీన్ పేరు చెప్పింది. ఎలా చెప్పిందో కూడా మరిచిపోలేదు, అదే నయం, మరిచిపోతే తనమీద తనకు అసహ్యం పుట్టేది. మధ్యాహ్నం, నిమ్మకాయ పులిహోర డబ్బా ముందు పెట్టుకుని ఉంది, యూనివర్సిటీ నుంచి విద్యార్థి సంక్షేమం చూసే ఆయన ఫోను, ఎంత మెత్తటి గొంతో, మేడమ్, మీరు రిస్కులో ఉన్నారని రాసిన అబ్బాయి ఎవరో చెబితే మేం చూసుకుంటాం, మా పిల్లాడే కదా అన్నాడు. చూసుకుంటాం. ఆ మాట పట్టుకుని చెప్పేసింది, ఒక చేత్తో స్పూను పట్టుకునే ఉంది, నవీన్, మెకానికల్, మూడో సంవత్సరం. నవీన్ మెస్సులో అందరూ తిని వెళ్ళాక తినేవాడు, కంచాల చప్పుడు పడేది కాదు, గదిలో కిటికీ మీదికొచ్చే పావురాల గురించి మాత్రం హాయిగా చెప్పేవాడు, ఒక పావురానికి కాలు లేదని, అయినా అన్నిటికంటే ముందు గింజల దగ్గరికి అదే వస్తుందని. చెప్పిన మర్నాడే చూసుకున్నారు వాళ్ళు. మధ్యాహ్నం క్లాసులు వదిలే వేళకు గది ఖాళీ చేయించారు, పరుపు, బకెట్టు, పుస్తకాల అట్టపెట్టె, వాటితో పాటు గేటు పక్కన నిలబెట్టారు, అమ్మానాన్నా వచ్చేవరకూ నాలుగు గంటలు, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూస్తుండగా. వచ్చాక ఒక కాగితం మీద సంతకం, మా అబ్బాయికి ఏం జరిగినా యూనివర్సిటీకి సంబంధం లేదని, మా ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నామని. తొమ్మిది రోజుల తర్వాత ఉమాశ్రీ సొంత ఫోనుకు మెసేజ్ వచ్చింది, నియమం ప్రకారం ఇవ్వకూడని నంబరు, ఎప్పుడో భయమేసి ఇచ్చింది. "మేడమ్, నేను మీకు చెప్పాను. మీరు వాళ్ళకు చెప్పారు. ఇక ఎవరికీ ఏమీ చెప్పను. థాంక్యూ." ఆ థాంక్యూ. తిట్టి ఉంటే పడేది. ఆ రోజు నుంచి మళ్ళీ మాట్లాడలేదు, ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు, కానీ వాట్సాప్‌లో బొమ్మ మారుతుంటుంది, ఒకసారి చెరువు, ఒకసారి మేనకోడలో ఎవరో చిన్న పాప, ఒకసారి ఉత్త ఆకాశం. బొమ్మ మారినప్పుడల్లా బతికే ఉన్నాడని తెలుస్తుంది. నెల రోజులు మారకపోతే ఉమాశ్రీకి నిద్ర ఉండదు. అదీ తను చేసిన పని. చూసుకుంటాం అన్నవాళ్ళు ఒక్కసారీ చూడలేదు, దొంగచాటుగా చూస్తున్నది తనే.

కాబట్టి ఇవ్వను. పన్నెండు నిమిషాలు. పదమూడు. తెర అలాగే ఉంది. ఏసీ గాలి సరిగ్గా నడినెత్తి మీద పడుతోంది, తను చదువుకున్న రోజుల్లో గుంటూరు హాస్టల్లో ఇలాంటి చల్లదనం కలలో కూడా లేదు, రేకుల కప్పు, మంచం మీద పడుకుంటే వీపుకు చెమట అంటుకునేది. ఆ ఏడు ఉమాశ్రీ ఎమ్మే మొదటి సంవత్సరం. ఏమైందో తనకే తెలీదు, ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ జరగలేదు, ఒక రోజు పొద్దున్నే లేచి జడ వేసుకోవడానికి చెయ్యి రాలేదు. చెయ్యి బాగానే ఉంది, ఎత్తాలనిపించలేదు. అలా పదిహేను రోజులు. క్లాసుకు పోలేదు, స్నానం లేదు, రూములో అమ్మాయిలు మొదట బతిమాలారు, తర్వాత చిరాకుపడ్డారు, తర్వాత పట్టించుకోలేదు. హాస్టల్ మేట్రన్ నాగేశ్వరి గారు ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. లావుపాటి మనిషి, నడిస్తే తాళాల గుత్తి మోగేది, గోడ దూకే పిల్లలకు సింహస్వప్నం. "ఏమ్మాయ్, నా గదికొచ్చి చిక్కుడుకాయలు ఈనెలు తీసిపెట్టు, నాకు కళ్ళు కనపడ్డం లేదు" అంది. కళ్ళు శుభ్రంగా కనపడేవి ఆవిడకు, రెండో అంతస్తులో ఎవరు లిప్‌స్టిక్ పెట్టుకున్నారో కింద నుంచి చెప్పేది. ఉమాశ్రీ వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో, కాదనడానికి కూడా ఓపిక లేక వెళ్ళిందేమో. ఆ రోజు చిక్కుడుకాయలు, మర్నాడు చింతపండు గింజలు, ఆ మర్నాడు ఏమీ లేదు, ఊరికే కూర్చుంది. ఆవిడ ఏమైందని అడగలేదు. ఎనిమిదో రోజు కాబోలు, తనంతట తనే చెప్పింది ఉమాశ్రీ, చచ్చిపోవాలని ఉందండీ అని, గోడ మీద క్యాలెండరు చూస్తూ. నాగేశ్వరి గారు లేచి తలుపు వేసింది, వచ్చి వెనక కూర్చుని జడ విప్పి చిక్కు తీసింది. చాలా చిక్కు పడిపోయిన జుట్టు, గంట పట్టింది. మరుసటి ఉదయం ఆటోలో పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్ళింది, ఓపీ చీటీ తనే రాయించింది, ఆ తర్వాత మూడు నెలలు మందులు తన గూట్లోనే పెట్టి పూటపూటకీ ఇచ్చింది. వార్డెన్‌కు చెప్పలేదు. ప్రిన్సిపాల్‌కు చెప్పలేదు. రికార్డులో ఒక్క అక్షరం లేదు. అడిగినవాళ్ళకు "ఆ పిల్లకు రక్తం తక్కువ" అని కొట్టిపారేసేదట, ఆ సంగతి ఉమాశ్రీకి తర్వాతెప్పుడో తెలిసింది. ఆవిడ చదివింది ఐదో తరగతి. ఇక్కడ గోడ మీద సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళం నలభై మందిమి ఉన్నాం, మాలో ఒక్కరికీ ఆవిడ పాటి నోరు కట్టుకోవడం రాకపోయింది. తనను ఆ రోజు పరుపుతో సహా గేటు బయట నిలబెట్టి ఉంటే? ఉండేది కాదు తను. ఇంత తేలిక లెక్క ఆ పెద్దలెవరికీ ఎందుకు రాదు, లేదా వస్తుందేమో, వచ్చే చేస్తున్నారేమో, పిల్ల చస్తే మన గోడల లోపల చావకూడదు, అంతే వాళ్ళకు కావలసింది.

ఇరవై రెండు నిమిషాలు. ఇక ఆగలేకపోయింది. శ్రావణికి ఫోన్ చేసింది, సొంత ఫోను నుంచే, స్విచ్ఛాఫ్. మళ్ళీ చేసింది, స్విచ్ఛాఫ్. ఆ రికార్డు చేసిన ఆడగొంతు అంత ప్రశాంతంగా ఎలా ఉంటుందో. అశ్వినికి మెసేజ్ పెట్టింది, శ్రావణి నీతో ఉందా అని, పెట్టి తెర వంక చూస్తూ కూర్చుంది. మెట్రో ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. ఆ పిల్ల మధ్యాహ్నం ల్యాబులో ఉంటుంది, ఫోన్ చూసుకోదు, చూసుకో తల్లీ, ఒక్కసారి చూసుకో. ఇప్పుడు పుల్లయ్యకు చెయ్యాలా? ఏమని చెయ్యాలి, మీ అమ్మాయి ఇరవై నిమిషాలు ఆలస్యమైందని చెబితే ఆ మనిషి చేతిలో కత్తెర ఎక్కడికి పోతుందో. ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం. ఐదు కాదు, మూడు. లెక్కపెడుతుండగానే ఫోన్ అదిరింది, అశ్విని. "మేడం పొద్దున పదకొండుకు క్లాసులోంచి తనను పిలిచినారు. డీన్ ఆఫీసుకు. మా ఫ్లోర్‌లో ఇంకా ఐదుగురిని కూడా. ఫోన్లు బయట పెట్టించుకున్నారంట. ఇంకా రాలా."

బతికే ఉంది. మొదట వచ్చింది ఆ ఊరట, కళ్ళు తిరిగేంత ఊరట, ఆ వెంటనే దాన్ని తోసుకుంటూ కోపం. తను ఇవ్వలేదు. మరెవరిచ్చారు? ఉమాశ్రీ హెడ్‌ఫోన్స్ బల్లమీద పడేసి, తెర కనపడేట్టు తలుపు తెరిచే ఉంచి, నాలుగడుగుల్లో మధుసూదన్ బల్ల దగ్గరికి వెళ్ళింది. అటూ ఇటూ బీరువాల్లో తలలు లేచాయి.

"నా పిల్లల లిస్టు మీరు ఇచ్చేశారాండీ?"

"ఏంది మేడమ్, నేనియ్యలే."

"చుక్కలన్నీ మీకు కనపడతాయి కదా. నన్ను అడగడం ఊరికే మర్యాదకా?"

"మా అమ్మ తోడు, నేనియ్యలే." మధుసూదన్ లేచి నిలబడ్డాడు. మొహం నిజంగానే వాడిపోయింది. "మీది ఆగిందని చెప్పిన గని, ఎవ్వరి పేర్లియ్యలే, అందరి లిస్టులు ఇంక నా దగ్గరనే ఉన్నయ్. వాళ్ళే అటెండెన్స్ తక్కువున్నోళ్ళను, సబ్జెక్టులు పోయినోళ్ళను పట్టుకుని పిలుస్తున్నరంట, ఇందాకనే తెలిసింది. అందాజ మీద. అందుకే తొందర జేస్తున్నరు, కాగితం ఉంటే గట్టిగ అడగొచ్చని."

అందాజ మీద. అంటే చేతిలో ఏమీ లేదు వాళ్ళకు. లేకుండానే ఆరుగురు పిల్లల్ని నాలుగున్నర గంటలు కూర్చోబెట్టారు. తను ఇచ్చే ముక్క వాళ్ళ చేతికి వెళితే ఊహ కాస్తా ఋజువైపోతుంది, అదీ సంగతి. ఉమాశ్రీ వెనక్కి వచ్చి కూర్చుంది. తెర ఖాళీగానే ఉంది. తెర మీదే ఇంకో విండో తెరిచి యూనివర్సిటీకీ, కంపెనీ పెద్దలకూ, మధుసూదన్‌కూ కలిపి ఉత్తరం మొదలుపెట్టింది. మొదట పెద్దగా రాసింది, చట్టం గురించి, వృత్తి ధర్మం గురించి, విద్యార్థి సంక్షేమం గురించి, చదువుకుంటే అది కూడా ఆ మెత్తటి గొంతు ఆయన రాసినట్టే ఉంది, అంతా కొట్టేసింది. మళ్ళీ రాసింది. "నాతో మాట్లాడే విద్యార్థుల పేర్లు నేను ఇవ్వను. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే, వాళ్ళు ఎంచుకున్న మనుషులకు నేను ఇప్పటికే చెప్పాను, ఇకముందూ చెబుతాను. పోయిన ఏడాది ఒక పేరు ఇచ్చాను. అది తప్పు. ఇంకోసారి చెయ్యను. ఇవాళ పొద్దున్నుంచి మీ ఆఫీసులో కూర్చోబెట్టిన ఆరుగురినీ వెంటనే పంపించండి." కింద తన పూర్తి పేరు, కౌన్సెలర్‌గా తన రిజిస్ట్రేషన్ నంబరు. పంపే బటన్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది, భయం లేదని కాదు, ఉంది, చందానగర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే ఈ ఉద్యోగం అంటే ఇష్టం కూడా ఉంది, డెబ్భై మంది గొంతులున్నాయి ఇందులో. నొక్కేసింది. అద్దం అవతల మధుసూదన్ ఫోన్ వెలగడం, అతను తల వంచి చదవడం, చదివి తల ఎత్తకపోవడం కనపడింది.

నలభై మూడో నిమిషంలో నల్లటి డబ్బా కదిలింది. హోరు లేదు, గాలి చప్పుడు, దూరంగా లారీ హారన్. నడుస్తున్న మనిషి ఊపిరి.

"మేడమ్."

"శ్రావణీ. చెప్పమ్మా. ఎక్కడున్నావు?"

"గ్రౌండు కాడ. ఇప్పుడే ఇడిసిపెట్టినారు." ఆగింది. ఏడుస్తోందేమో అనుకుంది ఉమాశ్రీ, కాదు, ఆయాసం. "ఒకటి అడగల్ల మిమ్మల్ని. నిజం చెప్పండి."

"అడుగు."

"నా పేరు మీరిచ్చినారా?"

ఏడాది నుంచి ఈ ప్రశ్న తనకోసం ఎక్కడో కూర్చుని ఉన్నట్టే ఉంది ఉమాశ్రీకి. "లేదమ్మా. అడిగారు. ఇవ్వనని రాసి పంపించాను, ఇందాకే."

అవతల గాలి. తర్వాత ఒక చిన్న శబ్దం, ముక్కు ఎగపీల్చినట్టు. "ఆ సారు మీరిచ్చినారనే చెప్పినాడు. మీ కౌన్సెలరే అన్నీ చెప్పింది, నువ్వేంటికి దాస్తావు, సంతకం పెట్టు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా మేడమ్ చెప్పదు సార్ అన్నా." అడుగుల చప్పుడు. "అన్నా గానీ, బయటికొచ్చినాంక భయమేసింది. ఒకవేళ చెప్పినారేమోనని. అందుకే మొదట అదే అడిగినా. ఏమనుకోవద్దండి."

ఉమాశ్రీ నుదురు అరచేతిలో పెట్టుకుంది. తెర అవతల ఆ పిల్లకు ఇదేమీ కనపడదు, అదే మంచిది. ఎంత పెద్ద మాట అనేసింది, ఆయన ముఖం మీద, ఒంటరిగా, ఫోను కూడా లేకుండా, మా మేడమ్ చెప్పదు సార్. తను పోయిన ఏడాది చెప్పిన మనిషి. ఆ సంగతి ఎప్పుడో ఒకరోజు ఈ పిల్లకు చెప్పాలి, ఇవాళ కాదు. "ఏమీ అనుకోను. అడగాల్సిందే అడిగావు. సంతకం పెట్టావా?"

"పెట్టలా. నా ఇష్టంతో ఇంటికి పోతాండానని రాసినారు దాంట్లో. నా ఇష్టం గాదు సార్, నాకు వచ్చే వారం పరీక్షలుండాయి అన్నా. కాగితం ఫోటో తీసుకుంటా, నా ఫోనియ్యండి అంటే ఇయ్యలా. మూడుసార్లు పెన్ను చేతికిచ్చినారు, మూడుసార్లు బల్ల మీద పెట్టినా. సంతకం మాత్రం పెట్టలా మేడమ్." ఇప్పుడు ఏడుస్తోంది, ఏడుస్తూనే చెబుతోంది, ఆపడం లేదు. "మల్ల నాయనకు ఫోన్ జేసినారు. స్పీకర్లో పెట్టినారు, నేను భయపడల్లని. మీ పాపకు మనసు బాగలేదంట, మీకు తెలుసా అన్నాడు ఆ సారు. నాయన, తెలుసు సార్, ఆదివారమే నాకు చెప్పింది అన్నాడు."

ఉమాశ్రీకి నవ్వొచ్చింది, కళ్ళు మండుతుండగానే. పదకొండుసార్లు, ఆ మూడు మాటలు పదకొండుసార్లు. "తర్వాత?"

"సంతకం అడుగుతాండారని చెప్తే, పెట్టాకు పాపా, నేనొస్తాండా అన్నాడు. అంగట్లో చెప్పేసి, సాయంత్రం బస్సుకు ఎక్కతాడంట. పొద్దున్నే దిగతాడు. నాయనకు ఈ ఊరు తెలీదు మేడమ్, ఆ సార్లు ఇంగ్లీషులో మాట్లాడితే నాయన భయపడతాడేమో."

"నేనొస్తాను."

"యాడికి?"

"మీ యూనివర్సిటీకి. రేపు పొద్దున్న తొమ్మిదింటికల్లా. మీ నాన్నగారి పక్కన కూర్చుంటాను. వాళ్ళు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో మాట్లాడతాను. మిగతా ఐదుగురిలో ఎవరైనా రావాలనుకుంటే వాళ్ళనీ రమ్మను." చెప్పేసింది. ఆలోచించి చెప్పలేదు, చెప్పాక ఆలోచించినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. విద్యార్థుల్ని నేరుగా కలవకూడదన్న నియమం కూడా ఒకటుంది, ఆరో పేజీలో ఎక్కడో.

"సరే మేడమ్" అంది శ్రావణి, మామూలు గొంతుతో. ఉమాశ్రీ ఆ గొంతును కొలిచింది, అలవాటుగా. అలిసిపోయి ఉంది, భయం ఉంది, కింద ఎక్కడో గట్టి నేల తగులుతోంది. అశ్విని ల్యాబు నుంచి వచ్చేవరకూ లైన్‌లోనే ఉంచింది. గంట పూర్తయిందని తెర కట్టయితే సొంత ఫోనుకు మార్చింది. అశ్విని వచ్చి, "నేనుండా మేడమ్, ఇద్దరం మెస్సుకు పోతాండాం" అన్నాక గానీ పెట్టెయ్యలేదు.

తలుపు తీసేసరికి మధుసూదన్ బయట నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. పక్క బీరువాలోంచి రజిత చూస్తోంది, చూపు తిప్పుకోలేదు.

"పైనుంచి ఫోన్ వచ్చింది మేడమ్. రేపటికెళ్ళి మీ స్లాట్లన్నీ ఆపమన్నరు. ఎంక్వైరీ అయ్యేదాక."

ఉమాశ్రీ బ్యాగు భుజానికి వేసుకుంది. డెబ్భై మంది. ఎర్రచుక్కలున్న వాళ్ళందరి దగ్గరా తన నంబరు ఉంది, నవీన్ తర్వాత అందరికీ ఇచ్చింది, ఎవరిమీదా ఆధారపడకుండా. మిగతావాళ్ళకు ఈ రాత్రి ఎలాగోలా కబురు పెట్టాలి. "సరేనండి. రేపు నాకు వేరే పనుంది, యూనివర్సిటీకి వెళ్తున్నాను."

"కంపెనీ తరఫునా?"

"కాదు."

మధుసూదన్ ఒకడుగు దగ్గరికొచ్చాడు. ఆఫీసంతా వినేట్టు కాకుండా, ఆమెకు మాత్రమే వినేట్టు అన్నాడు. "గేటు కాడ సెక్యూరిటోళ్ళు ఆపుతరు మేడమ్. రిజిస్టర్ల పేరు రాయందే లోపలికి పోనియ్యరు. రాస్తే రికార్డైతది, రేపు మీ మీదనే వాడుతరు."

"రాస్తాను," అంది ఉమాశ్రీ, లిఫ్ట్ వైపు నడుస్తూ. "నా పేరేగా."